నోట్లో చెంచా ఎందుకు? గ్రాస్, గ్రోడీ, బార్ఫ్: అమెరికా కుర్రకారు ‘ఛీ’ అనే తీరు

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. పోయిన వారం నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

నేను సబ్‌టైటిళ్లు రాస్తాను, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక అమెరికన్ సిరీస్. పేరు చెప్పకూడదని ఒప్పందం. కథ 1983లో లాస్ ఏంజిలస్ శివార్లలో నడుస్తుంది. పదిహేనేళ్ల పిల్ల ఒకతి ఫ్రిజ్‌లోంచి ఎప్పటిదో నూడుల్స్ డబ్బా తీసి మూత లేపుతుంది. లోపల పచ్చగా బూజు. ముక్కు చిట్లించి ‘గ్యాగ్ మి విత్ ఎ స్పూన్’ అంటుంది. గ్యాగ్ అంటే నోట్లో గుడ్డలు కుక్కడం అని నాకు తెలుసు, కిడ్నాప్ సీన్లు బోలెడు రాశాను. పైగా అర్ధరాత్రి రెండయింది. ‘నా నోట్లో చెంచా కుక్కండి’ అని రాసి పంపేశాను. ఫైలు సరిచూసే ఆవిడ పొద్దున్నే ఒక్క లైనుతో తిప్పి పంపారు: ‘ఈ అమ్మాయికి ఆకలా?’

అప్పుడు తీశాను నిఘంటువు. గ్యాగ్‌కు రెండో అర్థం ఉంది: గొంతులో ఏదో అడ్డుపడి డోకు రావడం. చెంచా గొంతుదాకా దించితే ఏమవుతుందో జ్వరమొచ్చినప్పుడు నాలుక చూపించమన్న డాక్టరు దగ్గర అందరం చూసినదే. అంటే ఆ పిల్ల అనేది ‘వాంతి ఎలాగూ వచ్చేట్టుంది, కాస్త చెంచాతో సాయం పట్టండి’ అని.

అదే ఎపిసోడ్‌లో ‘గ్రాస్’ పదకొండు సార్లు వచ్చింది. గడ్డి అనే గ్రాస్ కాదు, ‘ఛీ’ అనే గ్రాస్. మా సాఫ్ట్‌వేర్‌లో పాత అనువాదాల పట్టిక ఒకటి ఉంటుంది. అది ప్రతిసారీ బుద్ధిగా ‘స్థూలం’ అని చూపించింది. అబ్బాయి బల్ల కింద అంటించిన బబుల్‌గమ్ చూసి అమ్మాయి ‘ఛీ, స్థూలం!’ అంటుందన్నమాట. పట్టికను తిట్టి లాభం లేదు, స్థూల దేశీయోత్పత్తిలో ఉన్న గ్రాసే ఇదీ. మనలో చాలామందికి ఆ మాట మొదట పరిచయమయ్యేది జీతం స్లిప్పులో.

లాటిన్‌లో గ్రోసుస్ అంటే మందం, లావు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. పన్నెండు డజన్లను, అంటే 144ను ఒక గ్రోసు అంటారే, అది ‘పెద్ద డజను’ అన్న ఫ్రెంచి మాట. హోల్‌సేల్‌గా, పెద్ద మొత్తంలో సరుకు అమ్మేవాడు గ్రోసర్ అయ్యాడు, మన కిరాణా కొట్టాయన. లావు నుంచి మోటు, మోటు నుంచి అసభ్యం. ఈ దారి మనకూ తెలిసినదే: మోటు బట్ట, మోటు మనిషి, మోటు సరసం. ఇంకో పక్క అదే మాట తప్పుల ముందు చేరి వాటిని పెద్దవి చేయడం మొదలుపెట్టింది: గ్రాస్ నిర్లక్ష్యం, గ్రాస్ అన్యాయం. లాయర్లు ఇప్పటికీ వాడతారు. 1950ల చివరికి అమెరికా కాలేజీ కుర్రాళ్లు ఏం చేశారంటే, వెనకనున్న నామవాచకాన్ని ఊడబీకేశారు. ఏది గ్రాస్ అని చెప్పనక్కర్లేదు, ఊరికే ‘గ్రాస్!’ అంటే చాలు. మనం ‘ఘోరమైన ప్రమాదం’లోంచి ప్రమాదాన్ని తీసేసి, హాస్టల్ సాంబారు ఎలా ఉందంటే ‘ఘోరం’ అన్నట్టు.

నా ప్రశ్న రెండు ముక్కల్లో. ఒకటి, దీనికి పదిహేనేళ్ల పిల్ల నోట ఇమిడే తెలుగు కావాలి. జుగుప్స అని రాస్తే ఆ పిల్ల ప్రబంధం చదివినట్టుంటుంది. వరుసకు 42 అక్షరాలు దాటకూడదు, తెర మీద ఒకటిన్నర సెకను మాత్రమే ఉంటుంది. రెండు, చివర్లో ఒక శ్లేష. తండ్రి కొత్త ఉద్యోగంలో మొదటి చెక్కు చూపించి, పన్నులు పట్టుకోకముందు అసలు మొత్తం ఇదీ అంటూ ‘గ్రాస్’ అని సంబరంగా చెబుతాడు. కూతురు పళ్లెంలో ఉన్న మీట్‌లోఫ్ అనే మాంసపు ముద్దను చూస్తూ అదే మాట అంటుంది. ఇద్దరూ ఒకే మాట అన్నందుకు తల్లి నవ్వాలి. దీన్ని ఎవరైనా దాటిస్తే ఋణపడి ఉంటాను.

డల్లాస్ నుంచి

మా అమ్మాయి ఏడో తరగతి. మీ పోస్టు చదివి వినిపిస్తే, ‘చెంచా మాట ఎవరూ అనరు, అది అమ్మమ్మల కాలం నాటిది’ అంది. అమ్మమ్మలు అంటే నా వయసు వాళ్లని అర్థమయ్యాక కాసేపు మాట్లాడలేదు నేను.

మా ఇంట్లో ‘బార్ఫ్’తో ఒక గొడవ ఉంది, ఇక్కడ చెప్పుకోవచ్చనుకుంటాను. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో దేశదేశాల వంటల రోజు. నేను పొద్దున్నే లేచి కొబ్బరి బర్ఫీ చేసి, ముక్కలు కోసి, డబ్బా మీద చక్కగా ఇంగ్లీషులో పేరు రాసి అంటించాను. అది చదివి పిల్ల డబ్బా ముట్టనంది. ‘అమ్మా, దీని మీద వాంతి అని రాశావు’ అంది. వాళ్ల భాషలో బార్ఫ్ అంటే వాంతి, చివర ‘ఈ’ చేరిస్తే ‘వాంతిలాంటిది’ అని ధ్వనిస్తుంది. చీటీ పీకేసి ‘కోకోనట్ ఫడ్జ్’ అని రాశాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ.

హైదరాబాద్ నుంచి

అమ్మా, మీ డబ్బా సంగతి చదివి నవ్వాపుకోలేకపోయాను. బర్ఫ్ ఫార్సీ మాట, మంచు అని అర్థం. మా ఇంట్లో ఐసుకు అదే పేరు. మా అమ్మమ్మ ఎండాకాలం ‘బరఫ్ ముక్క తే బిడ్డా’ అని పావలా ఇచ్చి పంపేది, గోనెపట్టాలో పొట్టు కప్పిన ఐసుగడ్డ దగ్గరికి. బర్ఫీ అన్న పేరూ ఆ మంచులోంచే అంటారు. ఇరాన్‌లో బర్ఫ్ అనే బట్టల సబ్బుపొడి ఉంది, మంచంత తెలుపు అని. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లు ఆ ప్యాకెట్టు ఫొటోలు పెట్టుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు కదా? అమెరికా బార్ఫ్ ఎక్కడిది?

మొదటి పోస్టు రాసినతను

చుట్టరికం లేదండీ. అమెరికా బార్ఫ్ 1960 ప్రాంతంలో కుర్రకారు మాటగా పైకొచ్చింది, బహుశా చప్పుడు నుంచి పుట్టినదే. గట్టిగా అని చూడండి, పెదాలు మూసి తెరిచి చివర గాలి వదలడంతో సగం పని అయిపోతుంది. మన ‘వాక్’, ‘బళుక్కున’ లాంటిది. యక్ కూడా అంతే. అచ్చులో కనిపించేది 1960ల నుంచే. మన ‘యాక్’ దానికి ఎంత దగ్గరో చూశారు కదా. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోనక్కర్లేదు, గొంతు అందరిదీ ఒకటే.

ఇక చెంచా దగ్గరికి. అది దేశమంతా పాకడానికి ఒక పాట కారణం. లాస్ ఏంజిలస్ ఉత్తరాన కొండల అవతల శాన్ ఫెర్నాండో లోయ ఉంది, ఇళ్లూ షాపింగ్ మాళ్లూ ఉన్న మధ్యతరగతి శివారు. అక్కడి ఆడపిల్లలు సాగదీసి, ప్రతి వాక్యాన్నీ ప్రశ్నలా ముగించి మాట్లాడే తీరును రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా 14 ఏళ్ల కూతురు మూన్ ఇంట్లో అనుకరించేది. ఆయన ఆ అమ్మాయిని స్టూడియోకి తీసుకెళ్లి మాట్లాడించి, వెనక సంగీతం పెట్టి 1982లో ‘వ్యాలీ గర్ల్’ అని విడుదల చేశాడు. వెక్కిరించడానికి చేసిన పాట. అది అమెరికా పాటల జనాదరణ పట్టికలో 32వ స్థానం దాకా వెళ్లింది, జాపాకు అక్కడ మొదటి నలభైలోకి వెళ్లిన పాట అదొక్కటే. వెక్కిరింపు ఎవరికీ పట్టలేదు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ మాటలు నేర్చేసుకుని వాడటం మొదలుపెట్టారు. చెంచాతో పాటు అందులో ప్రయాణం చేసినదే ‘గ్రోడీ టు ద మ్యాక్స్’, అంటే రోతకే పరాకాష్ఠ. మనవాళ్లు సినిమాలో విలన్ యాసను ఎగతాళిగా పెడితే, మర్నాటి నుంచి కాలేజీలో హీరోలందరూ అదే యాస మాట్లాడతారు, అలాంటి వ్యవహారం.

గ్రోడీ మీద నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అది గ్రొటెస్క్ (వికారమైనది) అనే పెద్ద మాటను నరికి చేసుకున్న ముక్క, 1960లలోనే అమెరికా పిల్లల నోట ఉంది. ఇంగ్లండ్‌లో దాని కవల ‘గ్రాటీ’. బీటిల్స్ బ్యాండు 1964 సినిమాలో వాళ్లలో ఒకడైన జార్జ్ హారిసన్ తనకు చూపించిన చొక్కాల మీద ఆ మాట విసురుతాడు, ఎదుటివాడు తెల్లమొహం వేస్తే ‘గ్రొటెస్క్’ అని విడమరుస్తాడు. మరి గ్రొటెస్క్ ఎక్కడిది? రోమ్‌లో నీరో చక్రవర్తి, క్రీ.శ. 64లో నగరం తగలబడ్డాక, బంగారు మహలు ఒకటి కట్టించాడు. అతను పోయాక తర్వాతివాళ్లు దాన్ని మట్టితో పూడ్చి పైన వేరే కట్టడాలు లేపారు. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1480 ప్రాంతంలో, నేలలో పడ్డ కంతల్లోంచి మనుషులు లోపలికి దిగారు. దివిటీ వెలుగులో గోడల మీద బొమ్మలు: సగం మనిషి సగం తీగ, ఆకుల్లోంచి మొలిచిన తల, తోక చోట పువ్వు. రఫాయేల్ లాంటి చిత్రకారులు కూడా దిగి చూసొచ్చి ఆ తరహా బొమ్మలు వేశారు. పూడిపోయిన గదులు గుహల్లా ఉన్నాయి కాబట్టి వాటిని గ్రోటా అన్నారు, ఆ బొమ్మలు ‘గ్రోటెస్కో’, అంటే గుహ తరహావి. వింత అన్న అర్థం అక్కడి నుంచి, వికారం అన్న అర్థం ఇంకాస్త తర్వాత.

ఆ గ్రోటా అన్న మాట లాటిన్ క్రిప్టా నుంచి వచ్చింది, అది గ్రీకులో ‘దాచినది’ అనే మాట నుంచి. అంటే మాల్‌లో చూయింగ్ గమ్ నములుతూ ఆ పిల్ల అన్న గ్రోడీకీ, ఇవాళ మన బావమరిది డబ్బులు పోగొట్టుకున్న క్రిప్టోకీ తాత ఒకడే.

తెనాలి నుంచి, పదవీ విరమణ చేసిన సంస్కృతం మాస్టారు

నాయనా, ‘దాచినది’ దగ్గర ఆగిపోయాను. జుగుప్స అంటే ప్రబంధం చదివినట్టుంటుందని తీసిపారేశావు కానీ, ఆ మాటను ఒకసారి విప్పి చూడు.

జుగుప్సలో ధాతువు గుప్. కాపాడటం, దాచడం అని అర్థం. గుప్తం, గోప్యం, గుప్తనిధి అన్నీ దాని పిల్లలే. ధాతువు మొదటి అక్షరాన్ని రెట్టించి చివర ‘స’ చేరిస్తే, మామూలుగా అయితే కోరిక అర్థం వస్తుంది. తాగాలన్న కోరిక పిపాస, తెలుసుకోవాలన్న కోరిక జిజ్ఞాస. వినాలన్న కోరిక శుశ్రూష, అది ఇప్పుడు ఆసుపత్రి మాట అయిపోయిందనుకో. ఆ లెక్కన జుగుప్స ‘దాచేయాలనిపించడం’ కావాలి. కానీ పాణిని దీన్ని విడిగా పెట్టాడు. మూడో అధ్యాయం మొదటి పాదంలో అయిదో సూత్రం, ‘గుప్తిజ్కిద్భ్యః సన్’. ఈ మూడు ధాతువుల దగ్గర ఆ ‘స’ వస్తుంది, కానీ కోరికతో సంబంధం లేదు. గుప్ నుంచి జుగుప్స, నింద. తిజ్ నుంచి తితిక్ష, ఓర్పు. కిత్ నుంచి చికిత్స, రోగానికి విరుగుడు. ఒకే సూత్రంలో ఏవగింపూ, ఓర్చుకోవడమూ, వైద్యమూ. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ మూడూ పక్కపక్కన ఎందుకు కూర్చున్నాయా అని తరగతిలో ఎవరూ అడగలేదు, అడిగితే బావుండుననుకునేవాణ్ణి.

ఆ తర్వాతి సూత్రం ఇంకా విచిత్రం. మాన్ నుంచి మీమాంస, బధ్ నుంచి బీభత్స. నాట్యశాస్త్రంలో బీభత్స రసానికి స్థాయిభావం, అంటే మూలంలో ఉండే భావం, జుగుప్స అని చదువుకుంటాం కదా. ఆ రెండు మాటలూ వ్యాకరణంలో కూడా ఇరుగుపొరుగు సూత్రాలే.

గ్రూపులో ఇంకో సభ్యుడు

అయితే మాస్టారూ, క్రిప్టా అన్న మాట గుప్త నుంచే పోయిందన్నమాట! మనవాళ్లే వాళ్లకు నేర్పారని నేను ఎప్పటి నుంచో అంటున్నాను.

మాస్టారు

లేదు బాబూ. క ర ప లు ఇక్కడా ఉన్నాయి, గ ప లు అక్కడా ఉన్నాయి అని పెళ్లి చేసేయకూడదు. ఆ రెండు మాటల శబ్దాలు ఒక మూలానికి చేరవు. నాకు నచ్చింది వేరే సంగతి. రెండు చోట్లా ‘కంటికి కనబడకుండా పెట్టాల్సినది’ అన్నచోట మొదలై ‘చూడలేనిది’ అన్నచోటికి మాట నడిచింది. అయినా మన దారి వేరు, వాళ్ల దారి వేరు. వాళ్లది బొమ్మలున్న గుహలోంచి, అనుకోకుండా. అసలు అసహ్యం అన్న మాటనే చూడు, సహించరానిది అని. మనం రోజూ వాడతాం, ఎవరూ విడదీసి చూడరు.

విశాఖపట్నం నుంచి

అమెరికా పిల్లల దగ్గర ‘కూటీస్’ అని ఒకటుంది కదా, ఆడపిల్ల ముట్టుకుంటే మగపిల్లాడికి అంటుకుంటుందనే కనబడని పురుగు. అది మన ‘కుట్టు’ నుంచి వెళ్లి ఉంటుందా? చీమ కుట్టినట్టు, తేలు కుట్టినట్టు?

డల్లాస్ నుంచి

కుట్టు సంగతి నాకు తెలియదండీ, కానీ మా పిల్ల ఒకటో తరగతిలో కూటీస్‌కు టీకా వేయించుకుని ఇంటికొచ్చింది. చేతి వెనక వేలితో రెండు సున్నాలు గీస్తారు, రెండు చుక్కలు పొడుస్తారు, ‘సర్కిల్ సర్కిల్, డాట్ డాట్, నౌ ఐ హ్యావ్ మై కూటీ షాట్’ అంటారు. ఇక ఎవరు ముట్టుకున్నా ఏమీ కాదు. కాగితం మడిచి వేళ్లకు తొడుక్కుని తెరిచి మూసే బొమ్మను కూడా వాళ్లు కూటీ క్యాచర్ అంటారు.

మొదటి పోస్టు రాసినతను

కుట్టు కాదండీ. అది మలయ్ మాట, కుతు అంటే పేను. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్న ఇంగ్లీషు, అమెరికన్ సైనికులను తుపాకులకన్నా ఎక్కువ విసిగించినవి ఒంటి పేలు. ఆ రోజుల్లో వాటికి స్థిరపడిన ముద్దుపేరు కూటీ. సైనికులు ఇళ్లకు వచ్చారు, పేలు పోయాయి, పేరు పిల్లల ఆటలో మిగిలిపోయింది. 1949లో ఏకంగా ప్లాస్టిక్ పురుగు ముక్కలు అతికించే ఆట ఒకటి అదే పేరుతో బజారుకొచ్చింది. మలయ్ కుతు ఒంటరిది కాదు. ఫిలిప్పీన్స్‌లో కుతో, న్యూజిలాండ్ మావోరీలో కుతు, హవాయిలో ఉకు. అంత సముద్రం మీద పరుచుకున్న కుటుంబాన్ని మన చీమకు అంటగట్టలేం. హవాయి ఉకు తెలుసు కదా, ఉకులేలె వాద్యంలో ఉన్నది అదే: గెంతే పురుగు.

మా సిరీస్‌లో తమ్ముడు పాత్ర కూటీస్ అంటాడు. నేను మొదట ‘అంటు’ అని రాశాను. అంటుకునేది కాబట్టి సరిగ్గా సరిపోయిందనుకున్నాను. మళ్లీ చదువుకుంటే ఒళ్లు జలదరించింది. తెలుగులో ‘నువ్వు ముట్టుకుంటే అంటు’ అన్న మాట ఆటలో పుట్టినది కాదు, దానివల్ల మనుషులు ఊరి బయట బతికారు. అక్కడ చేతి మీద రెండు సున్నాలు గీస్తే పోతుంది. ఆ తేలికదనం మన మాటలో లేదు. కొట్టేసి ‘ఛీ, పేలు ఎక్కుతాయి, ముట్టుకోకు’ అని పెట్టాను. పేలు అయితే నిజంగా మూలానికి కూడా దగ్గర.

గుంటూరు నుంచి, వైద్యం చేసేవాణ్ణి

మీరంతా మాటల్లో పడి మొహాన్ని వదిలేశారు. యక్ అన్నా, ఈవ్ అన్నా, యాక్ అన్నా మొహం ఒకటే: పై పెదవి లేస్తుంది, ముక్కు ముడుచుకుంటుంది, నాలుక కాస్త బయటికొస్తుంది. నోట్లో ఉన్నది బయటికి తోసేసే ఏర్పాటు. డార్విన్ 1872లో ముఖకవళికల మీద రాసిన పుస్తకంలో డిస్గస్ట్‌ను, అంటే ఏవగింపును, రుచికి సంబంధించినదిగానే మొదలుపెట్టాడు. మాట కూడా అదే: లాటిన్ గుస్తుస్ అంటే రుచి, ముందు ‘డిస్’ చేరింది. అక్షరం అక్షరం మన అరుచి. ఆయనే చెప్పిన సంగతి ఒకటుంది. దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన డబ్బా మాంసం తింటుంటే స్థానికుడొకడు వేలితో ముట్టి చూశాడు. ఆ మెత్తదనానికి వాడికి రోత పుట్టింది. బట్టల్లేని మనిషి తన తిండి ముట్టుకున్నందుకు డార్విన్‌కు రోత పుట్టింది, వాడి చేతులు మురికిగా ఏమీ లేవని తనే ఒప్పుకుంటూ. విశాఖ మిత్రుడి కూటీస్‌కూ ఆ వేలికీ పెద్ద దూరం లేదు.

డల్లాస్ అమ్మ బర్ఫీ డబ్బా చదివినప్పుడు నాకు పాల్ రోజిన్ గుర్తొచ్చాడు. పెన్సిల్వేనియాలో ఏవగింపు మీద పరిశోధనలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయనా సహచరులూ 1986లో వెలువరించిన ప్రయోగాల్లో ఒకటి: క్రిములు లేకుండా శుభ్రం చేసిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీస్తే, ఏ హానీ లేదని తెలిసి కూడా జనం తాగరు. ఇంకొకటి: మంచి చాక్లెట్ ఫడ్జ్‌ను కుక్క పెంట ఆకారంలో అచ్చుపోస్తే తినరు. పంచదార సీసా మీద తామే స్వయంగా సయనైడ్ అని చీటీ అంటించుకున్నా, ఆ సీసాలోని పంచదార కలిపిన నీళ్లు తాగడానికి వెనకాడారు. చీటీ చదివి డబ్బా ముట్టని మీ అమ్మాయిది వింత కాదమ్మా. ఫడ్జ్ అని రాసి మీరు బానే నెగ్గుకొచ్చారు.

బెంగళూరు నుంచి, గ్రూపులో అందరికన్నా చిన్నదాన్ని

పెద్దవాళ్లు 1983లోనే ఉండిపోయారు కాబట్టి ఇప్పటి సంగతి నేను చెబుతాను.

ఇప్పుడు నడుస్తున్నది ‘ఇక్’. బాగా నచ్చిన అబ్బాయి ఏదో చిన్న పని చేస్తాడు, బస్సు వెనక పరిగెత్తేటప్పుడు బ్యాగు ఎగిరెగిరి పడుతుంది, అంతే, ఆ క్షణం నుంచి వాడి మొహం చూడబుద్ధి కాదు. ‘నాకు ఇక్ వచ్చింది’ అంటారు, జ్వరం వచ్చినట్టు. కొత్త మాట అనుకున్నాను కానీ దీని అక్క ‘ఇకీ’ 1930ల జాజ్ వాళ్లది. నలిగిపోయిన తీపి పాటలను, స్వింగ్ అనే ఊపున్న జాజ్ తరహా తెలియని మనుషులను అలా అనేవారు. జాజ్ గాయకుడు క్యాబ్ కాలోవే అప్పట్లో వేసిన హార్లెం (న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట) మాటల పట్టికలో ఇకీ అంటే ఆ లోకం తెలియని మొద్దు అనే ఉంది. జిగురు, రోత అన్న అర్థం తర్వాత గట్టిపడింది. దీనికి తెలుగు నేను చెబుతాను: వెగటు. మితిమీరిన తీపికి మనం అనేది అదే, మనుషుల మీద పుట్టేదీ అదే. ‘వాడు ఈల వేశాడు, నాకు వెగటు పుట్టింది.’ ఇంతకన్నా బాగా కుదరదు.

క్రింజ్‌కు మాత్రం మా బ్యాచ్‌లో అనువాదం అవసరం పడదు, ‘సీన్ క్రింజ్ ఉంది’ అనేస్తాం. అమ్మ దాన్నే ఎబ్బెట్టుగా ఉంది అంటుంది. ఆ మాట నిజానికి ఇంకా బాగుంటుంది, నేనే వాడను. పాత ఇంగ్లీషులో దాని మూలానికి యుద్ధంలో కూలిపోవడం, లొంగిపోవడం అని అర్థమట. అక్కడి నుంచి వంగిపోవడం, ముడుచుకుపోవడం. మా కాలేజీ ఫెస్ట్‌లో ప్రిన్సిపాల్ గారు ర్యాప్ పాడినప్పుడు వెనక వరుసంతా సరిగ్గా అలాగే కూలిపోయింది.

ఇంకో విషయం, ఈ మాటలు తిరగబడతాయి. ‘సిక్’ అంటే వాళ్ల స్కేట్‌బోర్డు పిల్లలకు అదిరిపోయింది అని. సర్ఫింగ్ వాళ్ల ‘నార్లీ’ భయంకరమైన అలకూ, ఆ అల ఎక్కి దిగినవాడి గొప్పతనానికీ రెండింటికీ చెల్లుతుంది. మా నాన్న వార్తల్లో అరాచకం అన్న మాట విని తల పట్టుకుంటాడు, నేను ఇంటర్వెల్ సీన్ చూసి ‘అరాచకం’ అంటే మెచ్చుకోవడం. ఇద్దరం ఒకే హాల్లో కూర్చుని.

మొదటి పోస్టు రాసినతను

అందరికీ దండాలు. ఫైలు ఇవాళ రాత్రి వెళ్లాలి. ఇప్పటిదాకా తేల్చుకున్నవి ఇవి.

‘గ్రాస్’ పదకొండింటికీ ఒకే మాట పెట్టదలచుకోలేదు. ఇంగ్లీషు పిల్ల ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది. తెలుగు పిల్ల అలా కాదు, బబుల్‌గమ్‌కు యాక్ అంటుంది, తమ్ముడి సాక్సుకు ఛీ కంపు అంటుంది, అమ్మానాన్న ముద్దు పెట్టుకుంటే అబ్బా అని మొహం తిప్పుకుంటుంది. ఛీని చాలామంది సబ్‌టైటిళ్లలో చిన్నచూపు చూస్తారు, అరుపు కదా, మాట కాదు కదా అని. కానీ ఆ అరుపులోంచే ఛీత్కారం, ఛీకొట్టడం వచ్చాయి. ధిక్ నుంచి ధిక్కారం వచ్చినట్టు. వాళ్ల యక్ యకీ అయింది, ఇక్ జ్వరంలా వచ్చిపోతోంది. అరుపుకు జీతమిచ్చి ఉద్యోగంలో పెట్టుకోవడం అన్ని భాషల పద్ధతే.

‘గ్రోడీ టు ద మ్యాక్స్’కు ‘పరమ రోత’. మాస్టారూ, జుగుప్స పెట్టలేకపోయాను, క్షమించాలి. సిరీస్‌లో ఇంగ్లీషు టీచరు ఒకాయన ఉన్నాడు, అయిదో ఎపిసోడ్‌లో ఆయన నోట పెడతాను. ఇటాలియన్ ఇంటి స్నేహితురాలు ఒకతి ‘స్కీవీ’ అంటుంది. అది ఇటాలియన్‌లో ఏవగింపు అనే ‘స్కీఫో’ నుంచి వలస వచ్చినవాళ్ల నోళ్లలో మారిన మాట. అక్కడ ‘చీదరగా ఉంది’ సరిపోయింది. చెంచా దగ్గర చెంచానే తీసేశాను: ‘ఛీ, డోకొస్తోంది!’ ఆ పాట తెలియని తెలుగు ప్రేక్షకుడికి చెంచా చూపించినా మళ్లీ ఆకలే గుర్తొస్తుంది.

తండ్రి చెక్కు మాత్రం ఇంకా అలాగే ఉంది. గ్రాస్‌ను గ్రాస్‌గానే ఉంచేద్దామా అనుకున్నాను, జీతం స్లిప్పు అందరికీ తెలుసు కాబట్టి. అప్పుడు కూతురు నోట గ్రాస్ ఎందుకొచ్చిందో అర్థం కాదు.

డల్లాస్ నుంచి

నేను ఈ థ్రెడ్ అంతా ఫోన్లో పైకి చదువుతుంటే పక్కన మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. తనకు తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. ‘అమ్మా, జీతంలోంచి తీసేసేదాన్ని ఏమంటారు?’ అంది. కోత అన్నాను. ‘మరి గ్రోడీకి అంకుల్ ఏం రాశారు?’ రోత. పెన్ను కొరుకుతూ కాసేపు ఊరుకుని, ‘డాడ్ కోతకి ముందు అంటాడు, గర్ల్ ప్లేట్ చూసి రోతకి ముందు అంటుంది, ఇంకా తినలేదు కదా’ అంది.

మొదటి పోస్టు రాసినతను

తండ్రి: ‘ఇదీ, కోతకు ముందు!’
కూతురు: ‘ఇదీ, రోతకు ముందు!’

లెక్కపెట్టాను, రెండు వరుసల్లోనూ అక్షరాలు సరిపోయాయి. తల్లి నవ్వే చోటు కూడా సరిగ్గా పడింది. పంపేశాను. మీ అమ్మాయికి ఫడ్జ్ నా తరఫున. డబ్బా మీద మాత్రం బర్ఫీ అనే రాయండి.